అమ్మకి పక్కటెముకలు విరిగాయి, మూడో రోజు నుంచి మతి తప్పి మాట్లాడుతోంది. నొప్పి మందు ఆపించేయాలా?

ఉద్దానం_గుంటడు
మాది పలాస దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. అమ్మకి 76. మొన్న ఆదివారం వానకి పాచి పట్టిన బండ మీద జారి నూతి గట్టు అంచు మీద పడింది. ఎక్స్‌రేలో కుడి పక్క రెండు ఎముకలు విరిగినట్టు కనిపించింది, సీటీ తీస్తే నాలుగని తేలింది. శ్రీకాకుళంలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఉంచాం. ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పి తగ్గిస్తుంటే ఎముకలు వాటంతటవే అతుక్కుంటాయన్నారు.

రెండు రోజులు బాగానే ఉంది. మంగళవారం రాత్రి నుంచి వేరే మనిషైపోయింది. "దూడ తాడు తెంపుకుంది, నన్ను వదలండర్రా" అంటూ మంచం దిగబోయింది. సెలైన్ సూది పీకేసింది. నన్ను చూసి, చచ్చిపోయిన మా మేనమామ పేరు పెట్టి పిలుస్తోంది. పొద్దున కాసేపు మామూలుగానే ఉంటుంది, దీపాలు పెట్టే వేళకి మళ్లీ మొదలు. ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టిన మనిషి. ఇప్పుడు ఖాళీ దుప్పటి మీద పప్పు ఏరుతోంది. నిండు గుండు ఒక పక్కకి, విడిన బద్ద ఒక పక్కకి. చూడలేకపోతున్నాను.

ఇంట్లో రెండు జట్లయ్యాయి. పెద్దమ్మ "నూతి దగ్గర పడింది, గాలి సోకింది" అని తాయెత్తు తెప్పించింది. బావ "అదంతా ఆ ట్రమడాల్ ఇంజెక్షన్ మహిమ, వెంటనే ఆపించు" అంటున్నాడు. ఆపితే నొప్పికి తట్టుకోగలదా? ఎవరికైనా ఇలా జరిగిందా?

సాలూరు_లారీ
గాలి సోకడం కాదు బ్రదర్, గాలి సరిగా ఆడకపోవడం అయ్యుంటుంది. ముందు వేలికి పెట్టే మిషన్‌తో ఆక్సిజన్ చూపించు.

నాగావళి_గట్టు
ఈ వయసులో మతిమరుపు జబ్బు మొదలయ్యిందేమో, నరాల డాక్టర్‌కి చూపించండి. మా ఎదురింటి పంతులు గారికి అలాగే మొదలైంది.

వార్డు_అక్క
నాగావళి గారూ, మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద వస్తుంది. ఆదివారం దాకా మామూలుగా తిరిగిన మనిషికి మంగళవారానికి రాదు. గంటల్లో వచ్చి, పెరుగుతూ తగ్గుతూ ఉండి, రాత్రి ఎక్కువైతే అది డెలీరియం. లోపల వేరే ఏదో తేడా చేసిందని ఒంటి కేక అది. 30 ఏళ్లు వార్డులో చేశాను, వెయ్యి సార్లు చూసుంటాను.

గుంటడు తమ్ముడూ, మూడు సంగతులు చెప్పు. మూత్రం ఎప్పుడు పోసింది, ఎంత పోసింది? పడ్డాక విరేచనం అయ్యిందా? కళ్లజోడు ఎక్కడుంది?

ఉద్దానం_గుంటడు
మూత్రం చుక్కలు చుక్కలుగా పోస్తోంది, బట్టలు తడుస్తున్నాయి. విరేచనం పడినప్పటి నుంచి లేదు, ఇవాళ్టికి ఐదు రోజులు. కళ్లజోడు... నా బ్యాగులోనే ఉందక్కా. పోతుందని దాచాను.

వార్డు_అక్క
తీసి పెట్టెయ్. ఇప్పుడే. చుక్కలుగా పోయడమంటే మూత్రం సంచి నిండిపోయి పొంగి కారుతోందేమో. డ్యూటీ సిస్టర్‌ని పిలిచి పొత్తికడుపు నొక్కి చూడమను.

మత్తు_మావయ్య
విజయనగరంలో మత్తు డాక్టర్‌ని. కేసు నేను చూడలేదు కాబట్టి అక్కడి డాక్టర్ మాటే చివరి మాట. అయినా మీ బావ అడిగిన దానికి ఒక్కటి చెప్పాలి. నొప్పి మందు మొత్తం ఆపించేస్తే మతి తిరిగి వస్తుందనుకోకండి. నొప్పి కూడా మతి తప్పిస్తుంది. తుంటి విరిగిన పెద్దవాళ్ల మీద అమెరికాలో చేసి 2003లో అచ్చేసిన అధ్యయనం ఒకటుంది. అంతకుముందు బుర్ర చక్కగా ఉన్నవాళ్లలో, నొప్పి సరిగా తగ్గనివాళ్లకి డెలీరియం తొమ్మిది రెట్లు ఎక్కువగా వచ్చింది. మార్ఫిన్ మరీ తక్కువ ఇచ్చినవాళ్లలోనే ఎక్కువ తికమక. అందులోనే పెథిడిన్ అనే ఇంకో నొప్పి మందు ఇచ్చినవాళ్లకి మాత్రం ముప్పు పెరిగింది. అంటే ఏ మందు, ఎంత, దేనితో కలిపి ఇస్తున్నారన్నదే అసలు లెక్క.

పక్కటెముకల్లో నొప్పి తగ్గించడం సుఖం కోసం మాత్రమే కాదు. నొప్పికి మనిషి పైపైన ఊపిరి పీలుస్తాడు, దగ్గడు. కఫం కింద పేరుకుంటుంది, న్యుమోనియా వస్తుంది, ఆక్సిజన్ పడిపోతుంది, దాంతో మళ్లీ మతి తప్పుతుంది. 2000లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 65 దాటినవాళ్లకి విరిగిన ప్రతి అదనపు ఎముకకీ చావు ముప్పు 19 శాతం, న్యుమోనియా ముప్పు 27 శాతం పెరిగాయి. మీ అమ్మగారికి నాలుగు. కాబట్టి నొప్పి విషయంలో పిసినారితనం వద్దు.

కేస్ షీట్‌లో మందుల పేర్లు చూసి ఇక్కడ రాయండి.

ఆమదాలవలస_జంక్షన్
ఇంత హంగామా ఎందుకండీ? మా నాన్న ట్రాక్టర్ మీంచి పడి రెండు విరగ్గొట్టుకుంటే మా ఊరి ఆయన ఛాతీ చుట్టూ గట్టిగా బెల్టు బిగించాడు. హాయిగా ఉందన్నాడు. నెలలో పొలం వెళ్లాడు.

సాలూరు_లారీ
పుత్తూరు కట్టు పక్కటెముకలకి కూడా వేస్తున్నారా ఇప్పుడు? గుడ్డ చుట్టూ తిప్పేలోగా పేషెంట్‌కి ఊపిరి ఆగిపోదూ?

చీపురుపల్లి_చిన్నది
జంక్షన్ గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. బిగిస్తే ఎముక కదలదు, అందుకే హాయిగా ఉంటుంది. ఊపిరితిత్తి కింది భాగం కూడా తెరుచుకోదు, చిక్కంతా అక్కడే. మీ నాన్నగారి వయసెంత అప్పుడు?

ఆమదాలవలస_జంక్షన్
48.

చీపురుపల్లి_చిన్నది
అదీ సంగతి. 76కి ఆ లెక్క పనికిరాదు. బెల్టు బదులు దిండు ఇవ్వండి. దగ్గు వచ్చినప్పుడు విరిగిన పక్కకి దిండుని రెండు చేతులతో హత్తుకుని దగ్గాలి.

ఆమదాలవలస_జంక్షన్
బెల్టు వేసి బతికినవాళ్లని కూడా నేను చూశాను. సరే, మీరు చదువుకున్నవాళ్లు.

ఉద్దానం_గుంటడు
షీట్ ఫోటో తీసుకున్నాను. ట్రమడాల్ ఇంజెక్షన్ రోజుకి మూడుసార్లు. దాంతో పాటు ప్రోమెథజిన్. రాత్రి అల్ప్రాజోలం, ఇది బుధవారం నుంచి రాశారు. పారాసెటమాల్ "అవసరమైతే" అని ఉంది. ప్రీగాబలిన్ అని ఒక బిళ్ల. రక్త పరీక్షలో కిడ్నీ పని చూపే క్రియాటినిన్ 1.7, సోడియం 128.

మందుల_కొట్టు
రాజాంలో షాపు నాది. ఓరి నాయనో. ట్రమడాల్ ఒక్కటే దొంగ అనుకుంటున్నారు మీ బావ, తోడుదొంగలు ముగ్గురున్నారు ఆ షీట్‌లో. వాంతి రాకుండా ఇచ్చే ఆ ప్రోమెథజిన్ మత్తు ఎక్కిస్తుంది, నోరు ఎండగొడుతుంది, మూత్రం బిగబట్టిస్తుంది. నిద్ర రావట్లేదని అల్ప్రాజోలం. నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్ కిడ్నీలోంచే పోవాలి, 1.7 ఉన్న మనిషిలో ఒంట్లోనే నిలిచిపోతుంది. ట్రమడాల్ కూడా కిడ్నీ చూసుకుని తగ్గించాలి, పైగా అది అసలే తక్కువున్న సోడియాన్ని ఇంకా తగ్గిస్తుంది. పనికొచ్చే పారాసెటమాల్‌ని మాత్రం "అవసరమైతే" అని మూల కూర్చోబెట్టారు.

మత్తు_మావయ్య
మందుల కొట్టు గారు చెప్పింది నిజం, కానీ అక్కడి డాక్టర్‌ని అప్పుడే బోనులో నిలబెట్టొద్దు. తెల్లార్లూ కేకలు వేస్తుంటే పక్క మంచాల వాళ్లు గొడవ చేస్తారు, మన వాళ్లు కూడా "నిద్రకి ఏదో ఒకటి ఇవ్వండి" అని మీద పడతారు. అలా పడుతుంది ఆ అల్ప్రాజోలం.

ఉద్దానం_గుంటడు
నేనే అడిగాను డాక్టర్ గారూ. బుధవారం రాత్రి. రెండు రాత్రులు నిద్ర లేక అడిగేశాను.

వార్డు_అక్క
బాధపడకు బాబూ, అందరూ అడుగుతారు.

మత్తు_మావయ్య
రేపు రౌండ్స్‌లో పోట్లాడకుండా ఇలా అడగండి. పారాసెటమాల్ వేళ ప్రకారం ఇవ్వొచ్చా? నొప్పి వచ్చాక కాదు, రాకుండా. ప్రోమెథజిన్ తీసేసి వాంతికి ఇంకేదైనా ఉందా? ట్రమడాల్ తగ్గించి పక్కకి బ్లాక్ ఇవ్వొచ్చా? ఈ చివరిదే ముఖ్యం. స్కాన్‌లో చూస్తూ వెన్ను పక్క కండరం కింద మత్తు మందు ఎక్కిస్తే ఆ పక్క నాలుగైదు ఎముకలు మొద్దుబారతాయి. ఎరెక్టర్ స్పైనే బ్లాక్ అంటారు, 2016లో మొదట రాశారు, ఇప్పుడు మన జిల్లాల్లో కూడా చేసేవాళ్లున్నారు. మందు బుర్రకి పెద్దగా పోదు, నొప్పి ఉన్న చోటే పనిచేస్తుంది. అది కుదరకపోతే ఒక్కో ఎముక కింద ఇచ్చే ఇంటర్‌కాస్టల్ బ్లాక్ అయినా ఉంది, కాకపోతే కొన్ని గంటలే ఉంటుంది. వెన్నులోకి ఇచ్చే ఎపిడ్యూరల్ కూడా బాగా పనిచేస్తుంది కానీ బీపీ పడిపోవచ్చు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి కుదరదు. అమ్మగారు అలాంటివి వాడుతున్నారా?

అల్ప్రాజోలం బుధవారమే మొదలైంది కాబట్టి ఆపడం తేలిక. ఏళ్ల తరబడి వాడేవాళ్లకైతే ఒక్కసారిగా ఆపకూడదు, అదే ఇంకో డెలీరియం తెస్తుంది. మిగతా పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఉద్దానం_గుంటడు
రక్తం పల్చబడేవి లేవు. బీపీ బిళ్ల ఒక్కటే, నీరు లాగేది. ఇంకోటి చెప్పాలి, మర్చిపోయాను. పడిన రోజు మా ఊరి ఆర్‌ఎంపీ రెండు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు చేశాడు.

పలాస_పెంకుటిల్లు
నీది ఉద్దానమే కదరా? కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఎన్ని ఇళ్లలో డయాలసిస్ ఉందో నీకు వేరే చెప్పాలా? మా అన్నకి మోకాలి నొప్పని ఆ ఇంజెక్షన్లే ఏడాది పొడుగునా పొడిచారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు పలాస కిడ్నీ ఆసుపత్రిలో కూర్చుంటాడు. కిడ్నీకి అసలు కారణం ఇదని నేననడం లేదు, అది ఇప్పటికీ తేలలేదు. ఉన్న కాస్తా దీంతో పోతుంది. మన ఊళ్లలో నొప్పి ఇంజెక్షన్ అనగానే "క్రియాటినిన్ ఎంతో చూశారా" అని అడగడం చిన్నపిల్లలకి కూడా నేర్పాలి.

మందుల_కొట్టు
రెండు ఇంజెక్షన్లకే 1.7 అయ్యిందని చెప్పలేం, పాత రిపోర్టు ఉంటే తెలుస్తుంది. ఆ జాతి మందులు ఇకపై వద్దని షీట్ మీద పెద్దక్షరాలతో రాయించు. నీరు లాగే బీపీ బిళ్ల సంగతి కూడా చెప్పు, అది కూడా సోడియం పడగొడుతుంది.

బొబ్బిలి_తంబుర
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కేకలు వేసేవాళ్లని అందరూ చూస్తారు. మా నాన్నకి 81, మూడు ఎముకలు, మేడమెట్ల మీంచి పడ్డాడు. అసలు గొడవే చేయలేదు. మూడో రోజు నుంచి నిద్ర. పిలిస్తే కళ్లు తెరిచి "ఊఁ" అనేవాడు, మళ్లీ మూసేవాడు. అన్నం ముద్ద నోట్లోనే ఉండిపోయేది. "నొప్పి తగ్గి నిద్రపోతున్నాడు, లేపకండి" అని మా అమ్మ అందరికీ చెప్పింది. మేం గుసగుసగా మాట్లాడుకున్నాం నాలుగు రోజులు. అదీ డెలీరియమేనట, మూగది. అప్పటికే న్యుమోనియా రెండు పక్కలా ఉంది. ఆరో రోజు పోయాడు.

వార్డు_అక్క
అయ్యో బాబూ. ఎక్కువమందిలో వచ్చేది ఆ మూగదే, డాక్టర్లు కూడా దాటిపోయేది అదే. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు ఇలా ఉంటే వారాలు వెనక్కి చెప్పమనండి. ఆదివారం, శనివారం, శుక్రవారం... చదువు లేకపోయినా చెప్పగలరు. మధ్యలో దారి తప్పి కిటికీ వంక చూస్తూ ఉండిపోతే సిస్టర్‌ని పిలవండి.

నాగావళి_గట్టు
నేనిప్పుడే చెప్పి చూసుకున్నాను. బుధవారం దగ్గర ఆగి ఆలోచించాను. టెన్షన్ పడాలా?

సాలూరు_లారీ
రిటైరైనవాళ్లకి అన్ని వారాలూ ఆదివారమే మాస్టారూ, మీకది లెక్కలోకి రాదు.

ఉద్దానం_గుంటడు
శనివారం. సిస్టర్ స్కాన్ పెట్టించింది. సంచిలో 850 మిల్లీలీటర్లు. గొట్టం వేసి తీశారు. పావుగంటలో అమ్మ మంచం కడ్డీ వదిలేసి వెనక్కి వాలింది. అప్పటిదాకా పిడికిలి బిగించే ఉంది, నేను అది నొప్పికనుకున్నాను. విరేచనానికి మందు ఇచ్చారు. మీరు చెప్పినవి అడిగాను. పెద్ద డాక్టర్ ముందు కొంచెం చిరాకు పడ్డారు, తర్వాత షీట్ మొత్తం తిరగేసి ప్రోమెథజిన్, అల్ప్రాజోలం, ప్రీగాబలిన్ కొట్టేశారు. బీపీ బిళ్ల మార్చారు. పారాసెటమాల్ 650 ఆరు గంటలకోసారి. అమ్మ బరువు 42 కిలోలు. మధ్యాహ్నం మత్తు డాక్టర్ వచ్చి బ్లాక్ ఇస్తారట. ట్రమడాల్ సగం చేసి, బ్లాక్ తర్వాత చూస్తామన్నారు.

మందుల_కొట్టు
నాలుగు బిళ్లలంటే రోజుకి 2.6 గ్రాములు, ఆ బరువుకి సరిపోతుంది. ఇంటికెళ్లాక జలుబు బిళ్ల, ట్రమడాల్ కలిపిన బిళ్ల లాంటివి పక్కన వేసుకోనివ్వకు. వాటిలోనూ పారాసెటమాల్ ఉంటుంది, లెక్క తప్పుతుంది.

మత్తు_మావయ్య
మూత్రం గొట్టం కూడా వీలైనంత త్వరగా తీయించండి. సంచి నిండితే మతి పోతుంది, గొట్టం ఎక్కువ రోజులుంటే ఇన్ఫెక్షన్‌తో మళ్లీ పోతుంది. చేతులు కట్టేస్తామంటే ఒప్పుకోవద్దు, మనిషి పక్కన కూర్చుంటామని చెప్పండి.

సాలూరు_లారీ
చిన్న డౌట్. అమ్మ చుట్ట కాలుస్తుందా? మా నానమ్మ అడ్డపొగ వేసేది, నిప్పు లోపలికి పెట్టుకుని. ఆసుపత్రిలో రెండు రోజులు చుట్ట లేకపోయేసరికి సెలైన్ స్టాండుతో నర్సుని తరిమింది. నవ్వొద్దు, నిజం.

ఉద్దానం_గుంటడు
నవ్వట్లేదు అన్నా. మా అమ్మకీ అడ్డపొగే, యాభై ఏళ్లుగా. డాక్టర్ అడిగితే "అలవాట్లేం లేవు" అని నేనే చెప్పాను. ఆడమనిషి గురించి ఎలా చెప్పాలో తెలియలేదు.

వార్డు_అక్క
చెప్పెయ్. చుట్ట ఒక్కసారిగా మానేస్తే చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. పైగా యాభై ఏళ్ల పొగ పీల్చిన ఊపిరితిత్తులని తెలిస్తే వాళ్లు న్యుమోనియా కోసం ఇంకా జాగ్రత్తగా చూస్తారు. మగవాళ్ల విషయంలో సారా కూడా ఇలాగే దాస్తారు. సారా అలవాటున్న మనిషికి మానేసిన రెండు మూడు రోజులకి వచ్చే వణుకు, భ్రమ వేరే రకం. దానికి ఇచ్చే మందే వేరు, దాచితే ప్రాణం మీదకొస్తుంది.

చీపురుపల్లి_చిన్నది
ఊపిరి వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చారా? ఊదేది కాదు, పీల్చేది. చాలామంది తిరగేసి ఊదుతారు. మొదటి బంతి సెకనుకి 600 మిల్లీలీటర్ల గాలి పీలిస్తే లేస్తుంది, రెండోది 900కి, మూడోది 1200కి. మొదటిది లేచి రెండు సెకన్లు నిలబడినా చాలు ఇప్పటికి. గంటకోసారి పది సార్లు, మంచం మీద కూర్చోబెట్టి, బ్లాక్ పనిచేస్తున్నప్పుడు. నొప్పి ఎలా ఉందని పడుకున్నప్పుడు అడగొద్దు. దగ్గమని అడగండి. పడుకుని ఉంటే మన పెద్దవాళ్లు "ఏటీ లేదు" అనేస్తారు.

ఉద్దానం_గుంటడు
సరిగ్గా అదే మాట అంటోంది. "ఏటీ లేదు, ఇంటికెళ్దాం." దగ్గమంటే మొహం తిప్పేసుకుంటోంది.

ఆమదాలవలస_జంక్షన్
బ్లాక్‌కి ఎంత తీసుకున్నారు? ఆరోగ్యశ్రీలో వస్తుందా?

ఉద్దానం_గుంటడు
బిల్లు ఇంకా రాలేదు, అడిగి రాస్తాను.

ఉద్దానం_గుంటడు
ఆదివారం రాత్రి. బ్లాక్ అయ్యింది. సన్న గొట్టం అక్కడే ఉంచి మందు ఎక్కిస్తున్నారు. ట్రమడాల్ ఆపేశారు. సాయంత్రం దగ్గమంటే దిండు పట్టుకుని నిజంగా దగ్గింది, గోధుమరంగు కఫం ఇంత వచ్చింది. కళ్లజోడు పెట్టాను. హైదరాబాద్ నుంచి మా అక్క వచ్చింది. ఆసుపత్రిలో ఎవరూ "ఓలమ్మా" అని పిలవలేదు కదా, అక్క వచ్చి "ఓలమ్మా, ఏటి సేస్తన్నావే" అనగానే తల తిప్పి చూసింది. అక్క పేరు చెప్పింది. నా పేరు మాత్రం ఇంకా మేనమామదే.

పెద్దమ్మ తాయెత్తు కట్టనిచ్చాను. చేతికి కాదు, మంచానికి.

సాలూరు_లారీ
తాయెత్తుకి సైడ్ ఎఫెక్టులు లేవు, కిడ్నీ డోసు చూసుకోనక్కర్లేదు. ఉండనీ.

మత్తు_మావయ్య
రేపే పూర్తిగా మామూలవుతుందని ఎదురుచూడకండి. మందులు ఒంట్లోంచి పోవాలి, సోడియం మెల్లగానే ఎక్కాలి. కొందరికి రోజులు, కొందరికి వారాలు. జ్వరం, ఆయాసం కొత్తగా వస్తే మాత్రం వెంటనే మళ్లీ ఛాతీ ఎక్స్‌రే అడగండి. ఊపిరితిత్తి చుట్టూ నీరు, గాలి ఆలస్యంగా చేరడం కూడా ఉంటుంది.

ఉద్దానం_గుంటడు
మూడు వారాలైంది, రాయలేదు, క్షమించండి. అమ్మని ఇంటికి తెచ్చాం. సోడియం 135, క్రియాటినిన్ 1.3. బ్లాక్ ఆరోగ్యశ్రీలో విడిగా లేదన్నారు, చేతి నుంచే కట్టాం జంక్షన్ గారూ. చుట్ట ఆసుపత్రిలో మానింది, ఇంటికొచ్చిన నాలుగో రోజు అగ్గిపెట్టె కోసం నా జేబులు వెతికింది. ఆ యుద్ధం వేరే పోస్టులో రాస్తాను. పక్కకి తిరిగి పడుకోలేదింకా, రాత్రి ఒక్కసారి మూలుగుతుంది. మా అబ్బాయితో బంతుల పందెం వేస్తోంది, వాడు మూడు లేపితే ఈవిడ ఒకటిన్నర.

ఆ నాలుగు రోజులూ ఏమైనా గుర్తున్నాయా అని నిన్న అడిగాను. దూడ గుర్తు లేదు, సూది పీకింది గుర్తు లేదు. "ఎవుడో నా గుండూ బద్దా కలిపేసినాడ్రా, మళ్లీ మొదట్నించీ ఏరాను" అంది. కోపంగానే అంది.

సాలూరు_లారీ
కూలి ఇచ్చారా మరి?